హరితరేణువు తన కబురు కేంద్రకానికి ఎలా చేరవేస్తుంది?

మీరు అడిగినవి నాలుగు ప్రశ్నలు. హరితరేణువుకు (ఆకు కణంలో తిండి వండే పచ్చటి రేణువు, క్లోరోప్లాస్ట్) సొంత డీఎన్ఏ, ప్రోటీన్లు తయారుచేసే సొంత రైబోసోమ్‌లు ఉన్నాయి కదా, మరి కేంద్రకం మీద ఎందుకు ఆధారపడాలి? తన పరిస్థితిని తిరిగి కేంద్రకానికి ఎలా తెలియజేస్తుంది? ఆ కబురు మోసేది మెగ్నీషియం ప్రోటోపార్ఫిరిన్ (పత్రహరితం తయారీ మధ్యలో వచ్చే పదార్థం) అని మీ ఎమ్మెస్సీ నోట్సులో ఉంది, అది సరైనదేనా? చివరిది, మీ నాన్నగారి వేరుశనగ చేలో లేత ఆకులు పాలిపోతున్నాయి, దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

మూడోదానికి ముందే జవాబు చెప్పేస్తాను: సరైనది కాదు. ఆ మాట 2003లో నిజమనిపించింది, 2008లో వీగిపోయింది. పాత స్లైడ్ల నుంచి ఎవరో ఎక్కించిన నోట్సు అయి ఉంటుంది. ఎందుకు వీగిపోయిందో అర్థం కావాలంటే మొదటి రెండు ప్రశ్నల గుండా రావాలి. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నేను ఈ విషయంలోకి పుస్తకాల దారిలో రాలేదు, తెల్ల నారు దారిలో వచ్చాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా పని వరి పరాగకోశాల వర్ధనం. పొట్ట దశలో ఉన్న వెన్నులు కోసుకొచ్చి, పరాగకోశాలు విడదీసి, పోషక మాధ్యమం మీద పరచి, పుప్పొడి రేణువుల నుంచే నేరుగా మొక్కలు పుట్టించడం. ఇండికా వరితో ఈ పని చేసినవాళ్లను ఎవరిని కదిపినా మొదట చెప్పుకునే బాధ ఒకటే: వచ్చిన మొక్కల్లో ఎక్కువ భాగం తెల్లవి. పసుపు కాదు, లేతాకుపచ్చ కాదు, అన్నం మెతుకంత తెలుపు. మాధ్యమంలో చక్కెర ఉన్నన్నాళ్లూ నిక్షేపంగా పెరుగుతాయి, వేళ్లు వేస్తాయి, ఆకులు చాపుతాయి. తమ తిండి తాము వండుకోలేవు కాబట్టి మట్టిలోకి మార్చామంటే అంతే సంగతులు.

ఆ తెల్ల ఆకుల నుంచి ఆర్ఎన్ఏ తీసి ఒకసారి జెల్ (అణువులను పొడవును బట్టి విడదీసే జిగురు పలక) మీద నడిపాను. పచ్చటి ఆకు ఆర్ఎన్ఏలో పైన రెండు లావాటి గీతలు కనిపిస్తాయి, అవి కణద్రవ్యంలోని రైబోసోమ్‌లవి. వాటి కింద ఇంకొన్ని సన్నటి గీతలు ఉంటాయి, అవి హరితరేణువు రైబోసోమ్‌లవి. తెల్ల ఆకు వరుసలో ఆ కింది గీతలు లేవు. జెల్ చెడగొట్టానేమో అనుకొని మళ్లీ నడిపాను. మళ్లీ లేవు. ఇలాంటి మొక్కల్లో చాలా వాటికి ప్లాస్టిడ్ (హరితరేణువు, దాని జాతి రేణువులకు ఉమ్మడి పేరు) డీఎన్ఏలోనే పెద్ద పెద్ద ముక్కలు ఎగిరిపోయి ఉంటాయని తరువాత చదివి తెలుసుకున్నాను. అక్కడి దాకా ఆశ్చర్యం ఏమీ లేదు. అసలు ఆశ్చర్యం వేరే చోట ఉంది. కాంతిని ఒడిసిపట్టే ప్రోటీన్లకు (వీటిని క్యాబ్ ప్రోటీన్లు అంటాం) జన్యువులు ఉండేది కేంద్రకంలో. ఆ తెల్ల మొక్కల కేంద్రకంలో అవి చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటి మీద దీపం వెలుగుతోంది, కాంతి గ్రాహకాలు పనిచేస్తున్నాయి. అయినా వాటి సందేశ ఆర్ఎన్ఏ దాదాపు కనిపించలేదు. చెడింది హరితరేణువు, పని ఆపింది కేంద్రకం. ఆ సంగతి కేంద్రకానికి చెప్పింది ఎవరు?

నాకన్నా చాలా ముందే ఈ ప్రశ్న వేసినవాళ్లు ఉన్నారు. బార్లీలో ‘ఆల్బోస్ట్రయన్స్’ అనే మొక్క ఉంది. దాని ఆకు మీద పచ్చ చారలు, తెల్ల చారలు పక్కపక్కనే ఉంటాయి. అన్ని చారల్లోనూ కేంద్రకం జన్యువులు ఒకటే. తెల్ల చారల్లోని ప్లాస్టిడ్లు మాత్రం రైబోసోమ్‌లు పోగొట్టుకున్నాయి. బ్రాడ్‌బీర్, బోర్నర్ తదితరులు 1979లో నేచర్ పత్రికలో చూపించింది ఇది: కేంద్రకం జన్యువుల ఆధారంగా బయట కణద్రవ్యంలో తయారుకావలసిన హరితరేణువు ప్రోటీన్లు కూడా ఆ తెల్ల చారల్లో తగ్గిపోయాయి. ఒకే ఆకు, ఒకే జన్యువులు, ఒకే ఎండ. తేడా అల్లా ప్లాస్టిడ్‌లోనే. కాబట్టి కబురు అక్కడి నుంచే రావాలి. ఈ రంగంలో ఇంతకన్నా అందమైన ప్రయోగం నాకు కనిపించలేదు, ఎందుకంటే దీనిలో మనిషి చేసిన ఏర్పాటు దాదాపు ఏమీ లేదు, ఆ ఏర్పాటంతా ఆకే చేసిపెట్టింది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. హరితరేణువు ఒకప్పుడు స్వతంత్రంగా బతికిన సయనోబాక్టీరియా. వంద కోట్ల ఏళ్లకు పైబడిన మాట. అప్పట్లో దానికి వేల సంఖ్యలో జన్యువులు ఉండేవి. ఇప్పుడు ఒక మొక్క హరితరేణువులో ప్రోటీన్లకు సంబంధించిన జన్యువులు 80 నుంచి 90 దాకా మిగిలాయి. వరి హరితరేణువు డీఎన్ఏ మొత్తం 1,34,525 అక్షరాలు (1989లో చదివారు), ప్రయోగశాలల్లో వాడే ఆవ జాతి చిన్న మొక్క అరబిడాప్సిస్‌ది 1,54,478 (1999లో). లోపల పనిచేసే ప్రోటీన్లు మాత్రం రెండు, మూడు వేలు. అంటే నూటికి తొంభై అయిదు పాళ్లు బయటి సరుకే. కేంద్రకంలో రాత, కణద్రవ్యంలో తయారీ, ముందు భాగంలో ఒక చిరునామా ముక్క తగిలించుకొని హరితరేణువు రెండు పొరలూ దాటి లోపలికి ప్రయాణం. లోపలికి రాగానే ఆ చిరునామా ముక్కను కత్తిరించి పారేస్తారు.

మరి ఆ జన్యువులు ఎక్కడికి పోయాయి? చాలా వరకు కేంద్రకంలోకి వలస వెళ్లాయి. ఇది పురాణకాలం నాటి సంగతి అనుకోకండి, ఇప్పటికీ జరుగుతూనే ఉంది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో టిమ్మిస్ బృందం 2003లో పొగాకు మొక్కతో దీన్ని లెక్కకట్టింది. కనామైసిన్ మందును తట్టుకునే జన్యువును, కేంద్రకంలో మాత్రమే పలికే (అంటే పనిచేసే) విధంగా అమర్చి, హరితరేణువు డీఎన్ఏలో పెట్టారు. పొగాకులో హరితరేణువులు తల్లి వైపు నుంచే వస్తాయి, పుప్పొడి ద్వారా రావు. ఆ మొక్క పుప్పొడితో మామూలు మొక్కలను ఫలదీకరించి, వచ్చిన సుమారు 2,50,000 నారు మొక్కలను కనామైసిన్ మీద పెంచితే 16 మొక్కలు పచ్చగా నిలిచాయి. అంటే దాదాపు 16,000 పుప్పొడి రేణువుల్లో ఒకదానిలో ఆ జన్యువు హరితరేణువు నుంచి కేంద్రకంలోకి దూకింది. పొలంలో ఒక్క మొక్క రాల్చే పుప్పొడి ఎంతో తలచుకుంటే ఇది చిన్న సంఖ్య కాదని తెలుస్తుంది.

ఇలా ఆస్తి రెండు చోట్ల పడటంతో ఒక చిక్కు వచ్చింది. రుబిస్కో ఎంజైమ్‌నే చూడండి. ఎనిమిది పెద్ద ముక్కలు, ఎనిమిది చిన్న ముక్కలు కలిస్తే ఒక ఎంజైమ్. పెద్ద ముక్క జన్యువు హరితరేణువులో, చిన్న ముక్కది కేంద్రకంలో. ద్వారబంధం ఒక ఊళ్లో, తలుపు రెక్కలు ఇంకో ఊళ్లో చేయించుకున్నట్టు. కొలతలు కలవాలి, లెక్క కూడా కలవాలి. అదీ కాక ఒక ఆకు కణంలో కేంద్రకం ఒక్కటే, హరితరేణువులు పదుల సంఖ్యలో, కొన్నిట్లో వందకు పైగా ఉంటాయి. ఒక్కోదానిలో డీఎన్ఏ ప్రతులు మళ్లీ బోలెడు. కేంద్రకంలో ఆ జన్యువు ప్రతులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

లెక్క తప్పితే వృథా మాత్రమే కాదు, ప్రమాదం. పత్రహరితం, దాని ముడిసరుకులు కాంతిని పీల్చుకునే పదార్థాలు. వాటిని పట్టుకొని కూర్చోబెట్టే ప్రోటీన్ లేకుండా విడిగా తిరిగాయంటే పీల్చిన శక్తిని ఆక్సిజన్‌కు అంటగడతాయి. అది సింగ్లెట్ ఆక్సిజన్ అనే తెంపరి రూపంలోకి మారి దొరికిన కొవ్వును, ప్రోటీన్‌ను కాల్చేస్తుంది. పత్రహరితం తయారయ్యేది హరితరేణువులో, దాన్ని పట్టుకునే క్యాబ్ ప్రోటీన్లు వచ్చేది కేంద్రకం నుంచి. ఇద్దరి మధ్య మాట లేకపోతే కొంప అంటుకుంటుంది.

కేంద్రకం నుంచి హరితరేణువుకు వెళ్లే ఆజ్ఞల సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను, అది మీ పాఠ్యపుస్తకంలో బాగానే ఉంది. హరితరేణువులో జన్యువులను చదివే బాక్టీరియా తరహా పాలిమరేజ్‌కు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే సిగ్మా కారకాలన్నీ కేంద్రకం నుంచే వస్తాయి. ఆర్ఎన్ఏను కత్తిరించే, సరిదిద్దే పీపీఆర్ ప్రోటీన్లు అరబిడాప్సిస్‌లో 450 దాకా ఉన్నాయి, వాటిలో అత్యధికం హరితరేణువుకో మైటోకాండ్రియాకో వెళ్లేవే. పెత్తనం కేంద్రకానిదే, సందేహం లేదు. అయితే పెత్తందారుకు కింద ఏమి జరుగుతోందో తెలియాలి.

ఇక రెండో ప్రశ్న. చాలామంది దీన్ని తపాలా వ్యవస్థలా ఊహించుకుంటారు: హరితరేణువు ఒక ఉత్తరం రాస్తుంది, ఒక అణువు దాన్ని మోసుకెళ్తుంది, కేంద్రకం చదువుతుంది. పుస్తకాల్లో గీసే బాణం గుర్తు చేసిన అపకారం ఇది. నా అభిప్రాయంలో ఇది తపాలా కన్నా వంటింటికి దగ్గర. పొయ్యి మీద పాలు మాడుతున్నాయని వంటింట్లోంచి ఎవరూ కేక వేయనక్కర్లేదు, మాడు వాసన హాల్లోకి దానంతటదే వస్తుంది. ఆ వాసన కబురుగా పుట్టలేదు, పాలు మాడటం వల్ల పుట్టింది. హాల్లో కూర్చున్నవాళ్లు దాన్ని కబురుగా చదవడం నేర్చుకున్నారు. హరితరేణువు నుంచి వచ్చే సంకేతాల్లో ఎక్కువ భాగం ఇలాంటివే: పని మధ్యలో పోగుపడిన ముడిసరుకు, విరిగిన రంగు పదార్థం, లీకైన ఆక్సిజన్ రూపాలు. ఒక్క కబురు అంటూ లేదు. ఏ వాసన వచ్చిందో దాన్ని బట్టి కేంద్రకం స్పందన మారుతుంది.

ఈ కబుర్లలో రెండు రకాలు. మొక్క మొలకెత్తి, హరితరేణువులు కట్టుకుంటున్న దశలో “ఇల్లు సిద్ధమవుతోంది, సామాను పంపవచ్చు” లేదా “ఇంకా పునాదే లేదు, ఆగండి” అని చెప్పేవి ఒక రకం. ఇల్లు నడుస్తున్నప్పుడు ఎండ ఎక్కువైంది, నీళ్లు తక్కువయ్యాయి అని చెప్పేవి రెండో రకం. ఈ రెంటినీ కలిపేసి చదివితే తల తిరుగుతుంది.

మొదటి రకాన్ని పట్టుకున్న కథ గన్ మొక్కలది. నార్‌ఫ్లూరజాన్ అనే కలుపు మందు కెరోటినాయిడ్ల (కాంతి దెబ్బ నుంచి కాపాడే పసుపు రంగు పదార్థాల) తయారీని ఆపుతుంది. కెరోటినాయిడ్లు లేని చోట వెలుతురు పడితే హరితరేణువు మాడిపోతుంది, మొలక తెల్లగా వస్తుంది, కేంద్రకంలో క్యాబ్ జన్యువులు మూతపడతాయి. కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థలో జోవాన్ చోరీ బృందం తిరకాసుగా ఆలోచించింది: హరితరేణువు మాడిపోయినా క్యాబ్ జన్యువును మూయని మొక్క ఉంటే, దానిలో కబురు దారి ఎక్కడో తెగి ఉండాలి. అయితే మందు మీద అన్ని మొలకలూ తెల్లగానే ఉంటాయి, కంటికి తేడా తెలియదు. అందుకని క్యాబ్ జన్యువు మీటను, రంగు పుట్టించే మరో జన్యువుకు తగిలించారు. క్యాబ్ పలికితే మొలక నీలం రంగు తిరుగుతుంది. ఆవగింజలో పదో వంతు కూడా ఉండని విత్తనాలు, వాటి నుంచి వచ్చిన వేలాది తెల్ల మొలకల మధ్య తప్పుచేసిన మొలకను ఏరడం. 1993లో ఆ ఫలితాలు వచ్చాయి. దొరికిన మొక్కలకు ‘జీనోమ్స్ అన్‌కపుల్డ్’ అని పేరు పెట్టారు, పొడి అక్షరాల్లో గన్. రెండు జన్యుసంపుటాల మధ్య లంకె తెగినవి అని అర్థం.

గన్-2, 3, 4, 5 దేనికి సంబంధించినవో తేలేసరికి అందరి కళ్లూ ఒకే చోట పడ్డాయి. నాలుగూ పత్రహరితం, హీమ్ (ఇనుము ఉండే రంగు పదార్థం) తయారయ్యే ఉమ్మడి దారికి చెందినవే. ఆ దారిలో ప్రోటోపార్ఫిరిన్ దగ్గర ఒక కూడలి ఉంది. దానిలో మెగ్నీషియం చేరిస్తే పత్రహరితం వైపు, ఇనుము చేరిస్తే హీమ్ వైపు. గన్-5 మెగ్నీషియం చేర్చే ఎంజైమ్‌లో ఒక ముక్క, గన్-4 దానికి సహాయకుడు. గన్-2, గన్-3 హీమ్ కొమ్మలో కిందివి. అప్పుడు పుట్టింది మీ నోట్సులోని సిద్ధాంతం: హరితరేణువు దెబ్బతిన్నప్పుడు మెగ్నీషియం ప్రోటోపార్ఫిరిన్ పోగుపడుతుంది, అది బయటికి వెళ్లి క్యాబ్ జన్యువులను మూయిస్తుంది, గన్ మొక్కల్లో అది పోగుపడదు కాబట్టి జన్యువులు తెరిచే ఉంటాయి. 2003లో నేచర్‌లో వచ్చింది. చక్కగా అతికింది. నేను కూడా రెండు, మూడేళ్లు తరగతుల్లో అలాగే చెప్పాను, ఆ బాణం బోర్డు మీద నేనూ గీశాను.

2008లో జపాన్ నుంచి ఒక బృందం, బ్రిటన్ నుంచి ఒక బృందం విడివిడిగా ఆ పదార్థాన్ని జాగ్రత్తగా కొలిచాయి. అనేక మొక్కల్లో, అనేక పరిస్థితుల్లో దాని మోతాదుకూ, క్యాబ్ జన్యువు మూతపడటానికీ పొంతన కుదరలేదు. నార్‌ఫ్లూరజాన్ వేసిన మొలకల్లో అది పెరగకపోగా తగ్గింది. పోగుపడని పదార్థం పోగుపడి కబురు చెప్పలేదు కదా. సిద్ధాంతం అక్కడితో ఆగింది. క్లామిడోమోనాస్ అనే ఏకకణ శైవలంలో ఆ పదార్థానికి సంకేత పాత్ర ఉందని 1997 నుంచి ఆధారాలు ఉన్నాయి, దాన్ని మొక్కలకు అంటగట్టకండి.

అయితే గన్ మొక్కలు అబద్ధం కాదు. వాటికి అర్థం తిరగేసి చెప్పుకోవలసి వచ్చింది. 2011లో చోరీ బృందమే గన్-6 అనే మొక్కను వివరించింది. దానిలో ఫెర్రోకెలటేజ్-1 అనే, ఇనుము చేర్చే ఎంజైమ్ మామూలు కన్నా ఎక్కువగా ఉంది. హీమ్ వైపు ప్రవాహం పెరిగితే క్యాబ్ జన్యువులు తెరుచుకుంటున్నాయి. ఇప్పుడు పాత నాలుగు మొక్కలను చూడండి: మెగ్నీషియం వైపు దారి మూస్తే సరుకు ఇనుము వైపు మళ్లుతుంది, హీమ్‌ను విరిచే మెట్టు పాడైతే హీమ్ నిలవ ఉంటుంది. అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. అంటే కేంద్రకం వినేది “పాడైపోయింది” అనే ఏడుపు కాకపోవచ్చు, “అంతా బాగుంది” అనే మాట ఆగిపోవడం కావచ్చు. రోజూ పొద్దున్నే వినిపించే పక్కింటి ముగ్గు చెంబు చప్పుడు ఒక రోజు వినపడకపోతే మనకు ఏదో తట్టినట్టు. నా దృష్టిలో ప్రస్తుతం బలమైన అభ్యర్థి హీమ్. కానీ అది హరితరేణువు నుంచి బయలుదేరి, కేంద్రకం దాకా వెళ్లి, ఏ ప్రోటీన్‌ను తాకి క్యాబ్ జన్యువును తెరిపిస్తుందో మొత్తం దారి ఎవరూ గీయలేదు. సెమినార్‌లో ఎవరైనా గీసి చూపిస్తే మధ్య మెట్లు అడగండి.

గన్-1 ఒక్కటీ ఈ వరుసలో లేదు. అది పీపీఆర్ తరహా ప్రోటీన్, హరితరేణువులోనే ఉంటుంది. 2007లో దాని జన్యువును గుర్తించారు. మిగతావి నార్‌ఫ్లూరజాన్‌కే స్పందిస్తే, ఇది హరితరేణువు రైబోసోమ్‌లను ఆపే లింకోమైసిన్ విషయంలో కూడా లంకె తెంచుతుంది. ప్రోటీన్‌గా దాన్ని పట్టుకోవడం కష్టం, తయారైన కాసేపటికే విరిగిపోతుంది. హీమ్‌ను పట్టుకోగలదని 2019లో చూపించారు. వేర్వేరు ఫిర్యాదులు ఒక దగ్గర చేరే చోటులా అనిపిస్తుంది నాకు, అంతకు మించి తెగేసి చెప్పను.

రెండో రకం కబుర్లలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఫ్లూ మొక్క కథ (ఫ్లోరెసెంట్ అనే మాటకు పొట్టి పేరు, జ్వరం కాదు). జ్యూరిచ్‌లో క్లౌస్ ఏపెల్ బృందం పని. చీకట్లో మొలిచిన నారును నీలి వెలుతురు కింద చూస్తే కొన్ని మొలకలు ఎర్రగా మెరిశాయి. పత్రహరితానికి ముందు మెట్టు అయిన ప్రోటోక్లోరోఫిల్లైడ్ వాటిలో మితిమీరి పేరుకుంది కాబట్టి. మామూలు మొక్కలో చీకటి పడగానే ఈ తయారీకి బ్రేకు పడుతుంది, ఫ్లూ మొక్కలో ఆ బ్రేకు లేదు. వీటిని రాత్రీ పగలూ వెలుతురులోనే ఉంచితే ఏ లోపమూ కనపడదు, మామూలు మొక్కల్లా పెరుగుతాయి. కొన్ని గంటలు చీకట్లో పెట్టి తిరిగి వెలుతురులోకి తెచ్చారా, పేరుకున్నదంతా ఒక్కసారిగా సింగ్లెట్ ఆక్సిజన్‌ను పుట్టిస్తుంది. మొలకలు వాడి, తెల్లబడి చచ్చిపోతాయి.

ఇక్కడి దాకా ఎవరైనా అనుకునేది: విషం పుట్టింది, కణాలు కాలిపోయాయి. 2004లో వాళ్లు ఇంకో ఉత్పరివర్తనాన్ని చూపించారు, దాని పేరు ఎగ్జిక్యూటర్-1. ఫ్లూతో పాటు ఈ రెండో జన్యువు కూడా పాడైన మొక్కలో ప్రోటోక్లోరోఫిల్లైడ్ అంతే పేరుకుంది, సింగ్లెట్ ఆక్సిజన్ అంతే పుట్టింది. మొక్క చావలేదు. అంటే ముందు మొక్కలను చంపింది విషం కాదు. హరితరేణువులోని ఎగ్జిక్యూటర్ ప్రోటీన్ ద్వారా కేంద్రకానికి వెళ్లిన వర్తమానం, దానికి జవాబుగా కణం తీసుకున్న నిర్ణయం. సింగ్లెట్ ఆక్సిజన్ బతుకు మైక్రోసెకన్ల లెక్క, అది కేంద్రకం దాకా నడిచి వెళ్లే ప్రశ్నే లేదు. పుట్టిన చోటే ఎవరో చూసి కబురు అందించాలి. ఈ ఫలితం మొదటిసారి చదివిన రోజు ఆ కాగితం పక్కన పెట్టి కాసేపు కిటికీలోంచి వేపచెట్టు కేసి చూస్తూ కూర్చున్నాను. ఎండకు మాడిన ఆకు అని మనం అనేదానిలో ఎంత భాగం మాడటం, ఎంత భాగం చావడానికి ఒప్పుకోవడం?

సింగ్లెట్ ఆక్సిజన్‌కు మరో దారి కూడా ఉంది, అది నా వాసన పోలికకు అచ్చంగా సరిపోతుంది. అది బీటా కెరోటిన్‌ను కొట్టినప్పుడు విరిగే ముక్కల్లో బీటా సైక్లోసిట్రాల్ ఒకటి. ఇది నిజంగానే ఆవిరయ్యే, వాసన ఉన్న పదార్థం. ఫ్రాన్స్‌లో హవో బృందం 2012లో మొక్కలను మూసిన పెట్టెలో పెట్టి ఈ ఆవిరి తగిలించింది. ఎండ దెబ్బ ఏమీ తగలకుండానే కేంద్రకం జన్యువులు మారాయి, తరువాత తీవ్రమైన వెలుతురు పెడితే ఆ మొక్కలు మెరుగ్గా తట్టుకున్నాయి.

నీటి ఎద్దడికి ఇంకో కబురు ఉంది, పీఏపీ అనే చిన్న అణువు. మామూలు రోజుల్లో శాల్-1 అనే ఎంజైమ్ దాన్ని హరితరేణువులోనే విరగ్గొడుతూ ఉంటుంది. ఎద్దడి వచ్చినప్పుడు, ఎండ మండినప్పుడు లోపలి రసాయన స్థితి మారి శాల్-1 మందగిస్తుంది, పీఏపీ పేరుకుంటుంది. అది కేంద్రకంలోకి చేరి ఆర్ఎన్ఏను నమిలే ఎంజైమ్‌లను ఆపుతుంది, దాంతో ఎద్దడిని తట్టుకునే జన్యువులు పలుకుతాయి. ఆస్ట్రేలియాలో పాగ్సన్ బృందం 2011లో దీన్ని చూపించింది. శాల్-1 లేని అరబిడాప్సిస్ నీళ్లు ఆపాక మామూలు మొక్క కన్నా ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఎంఈసీపీపీ అని ఇంకొకటి ఉంది, 2012లో డెహేష్ బృందం చూపించింది. అదీ తయారీ మధ్యలో పోగుపడే సరుకే, అదే సూత్రం.

హైడ్రోజన్ పెరాక్సైడ్ గురించి ఒక్క ప్రయోగం చెప్పి ఆపుతాను, ఎందుకంటే అది కణం లోపలి భూగోళాన్ని చూపిస్తుంది. ఆకు కణాన్ని సూక్ష్మదర్శినిలో చూసినవాళ్లకు తెలుసు, కేంద్రకాన్ని ఆనుకొని కొన్ని హరితరేణువులు కూర్చుని ఉంటాయి. నికోటియానా బెంథామియానా అనే పొగాకు జాతి మొక్కలో, 2017లో వచ్చిన పరిశోధన ఆ ఆనుకున్న వాటి మీదే. తీవ్రమైన వెలుతురులో కేంద్రకంలో పెరాక్సైడ్ పెరిగింది. కణద్రవ్యంలో దాన్ని తుడిచేసే ఎంజైమ్‌ను ఎక్కువ చేసినా కేంద్రకంలో పెద్దగా తగ్గలేదు. అదే ఎంజైమ్‌ను హరితరేణువులోపల ఎక్కువ చేస్తే తగ్గింది. కణద్రవ్యం గుండా తిరిగి వెళ్లేదైతే దారిలో తుడిచిపెట్టుకుపోవాలి. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో వీధిలోకి రాకుండా పెరటి గోడ మీదుగా గిన్నె అందించుకుంటారు చూడండి, అలాంటిదన్నమాట. రోగకారకం దాడి చేసినప్పుడు హరితరేణువులు స్ట్రోమ్యూల్స్ అనే సన్నటి గొట్టాలను చాచి కేంద్రకాన్ని తాకడం కూడా 2015లో చూశారు.

సెమినార్‌కు ఒక సలహా. గన్, ఫ్లూ, ఆల్బోస్ట్రయన్స్, ఈ మూడు మొక్కలు చెబితే చాలు. అణువుల పేర్ల జాబితా పెట్టకండి, వినేవాళ్లు రెండో పేరు దగ్గరే జారిపోతారు.

ఇక మీ నాన్నగారి చేను. వేరుశనగలో లేత ఆకులు ముందుగా పాలిపోయి, ఈనెలు కొంత కాలం పచ్చగానే ఉండి, ముదురాకులు బాగానే ఉంటే అది చాలా మటుకు ఇనుము లోపం. సున్నం పాలు ఎక్కువ ఉన్న నేలల్లో, వానలకు నీరు నిలిచినప్పుడు తరచుగా వస్తుంది. పైన చెప్పిన కూడలికి దీనితో సంబంధం ఉంది: హీమ్‌లో ఉండేది ఇనుమే, మెగ్నీషియం కొమ్మలో కూడా ఒక మెట్టు ఎంజైమ్‌కు ఇనుము కావాలి. ఇనుము అందకపోతే రెండు దారులూ కుంటుతాయి. కానీ చేలో ఆకు పాలిపోవడానికి మూలం వేరు దగ్గర ఉంది, కబురు దగ్గర కాదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, ఎండ తగ్గాక సాయంత్రం పిచికారీ చేయమనండి. వారం తరువాత మరోసారి. కొత్తగా వచ్చే ఆకులు పచ్చగా వస్తే ఇనుమే. రాకపోతే రెండు మొక్కలు వేళ్లతో సహా పీకి, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి పట్టుకెళ్లండి.